తొమ్మిదో ప్రశ్న పక్కన చుక్క

భర్త మీద హైమవతికున్న ఫిర్యాదులన్నీ రాయాలంటే ఆస్పత్రి రిజిస్టర్లు చాలవు. వాటిలో పెద్దది మాత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో డాక్టర్ దివాకరం ఒక్కసారైనా పొరబడలేదు. అన్నవరం వెళ్లాల్సిన కారు తునిలో తేలితే, రోడ్డు మార్చేశారన్నారు. హైమ ఊళ్లో లేని రోజున చారులో ఉప్పు బదులు పంచదార వేసుకుని, డబ్బాలు రెండూ ఒకేలా ఉండడం ఇల్లాలి తెలివితక్కువతనమని తేల్చారు. పెళ్లిరోజు మరిచిపోయిన ఏడాది, అధికమాసం వచ్చిందని పంచాంగం తెచ్చి చూపించారు. మరీ తప్పించుకోలేని ఇరుకున పడితే ఆయన నోట ఒక మాట వచ్చేది: "అలా జరిగిపోయింది." ఎండకీ వానకీ ఆయనకి అదే గొడుగు.

అలాంటి మనిషి జిగురు కనిపెట్టారు.

కాగితాల్లో దాని పేరు జీవలేపం. ఇంట్లో జిగురే. ఆపరేషనుకి రెండు రోజుల ముందు రోగి చెవి వెనక నుంచి కందిబద్దంత చర్మం తీస్తారు. కాకినాడలో వాళ్ల ఆస్పత్రి పై అంతస్తులో ఉన్న లాబులో, రైస్ కుక్కరంత పెట్టెలో దాన్ని ఉంచితే రెండో రోజుకి గిన్నెడు జిగురవుతుంది. చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి గిన్నెంతా పెరుగైనట్టు. ఆ మాటే పైకంటే, "పదేళ్ల పరిశోధనని పెరుగుతో పోలుస్తావా" అన్నారు దివాకరం. ఆ పదేళ్లూ ఆయన అన్నంలో కలుపుకున్నది ఏమిటో గుర్తుచేయబోయి ఊరుకుంది హైమ.

ఆ జిగురుకి ప్రాణముంది. కోసిన చర్మం అంచులు దగ్గరకి చేర్చి పూస్తే, అటో చెయ్యి ఇటో చెయ్యి చాచి రెంటినీ కలిపేసి, తనే చర్మమైపోతుంది. అయిదో రోజున దాని మీద నీలం దీపం నాలుగు నిమిషాలు వెలిగిస్తే నిద్రపోతుంది. పెరుగు పులిసిపోకుండా ఫ్రిజ్‌లో పెట్టడమన్నమాట. నిద్రపుచ్చకపోతే ఏమవుతుందని హైమ ఓసారి అడిగింది.

"నిద్రపుచ్చుతాం కాబట్టి ఆ ప్రశ్న రాదు" అన్నారాయన.

జిగురుకి పోటీ పిన్నులు. కాగితాలు కుట్టే మిషను లాంటి దాంతో గాయం పొడుగునా టకటకా కొట్టే ఇనప పిన్నులు. నొప్పి, పదో రోజున పీకడం, తర్వాత జన్మంతా పొట్ట మీద రైలు పట్టాలు. ఏది మేలో తేల్చడానికి పరీక్ష పెట్టారు. రెండువందల ఎనభై నాలుగు మంది రోగులు. థియేటర్లో సీలు కవరు చింపితే అందులో జిగురని ఉంటే జిగురు, పిన్నులని ఉంటే పిన్నులు. సగానికి సగం. పరీక్షలో చేరినవాళ్లకి వైద్యమంతా ఉచితం.

అందులో హైమకీ ఒక ఉద్యోగముంది. జీతం లేదు, మజ్జిగ మాత్రం ఇంటి నుంచి తానే తెచ్చుకోవాలి. అయిదో రోజు దీపానికి వచ్చిన వాళ్లని కూర్చోబెట్టి పన్నెండు ప్రశ్నలడిగి కాగితం నింపడం. ఒకప్పుడు ఫిజిక్స్‌లో బి.ఎస్సీ. ఫస్టు క్లాసులో పాసైన మనిషికి అదేం పెద్ద పని కాదు. తొమ్మిదో ప్రశ్న దగ్గర తప్ప.

'గాయానికి ఇంట్లో ఏమైనా రాశారా?'

మొదటి వారంలో ఒకావిడ నిజం చెప్పింది. నువ్వుల నూనెలో పసుపు కాచి పూసుకుంది. దివాకరం ఆమె పొట్ట చూసి వేసిన కేక సముద్రం దాకా వినిపించింది. "గాయమా, గడపా అది? పసుపు పూసి బొట్లు కూడా పెట్టకపోయావా? ఇంకెవరైనా ఇలాంటి వేషాలేస్తే లెక్కలోంచి కొట్టేస్తాను." బయట బెంచీల మీద ఉన్నవాళ్లకి ఆ ఆఖరి మాట ఒకే రకంగా అర్థమైంది. కొట్టేస్తే ఉచితం పోతుంది.

ఆ మర్నాటి నుంచి కాకినాడ చుట్టుపక్కల గాయానికి పసుపు రాసే మనిషే లేకుండా పోయాడు. అందరూ శనగపిండితో రుద్దుకుని తళతళలాడుతూ వచ్చేవారు. గోళ్ల సందులు మాత్రం పచ్చగా ఉండేవి.

"ఆయన అరవకుండా అడిగితే చెప్తారండీ" అంది హైమ ఇంట్లో.

"రోగిని ఎలా అడగాలో నాకు నేర్పకు" అన్నారు దివాకరం.

నేర్పలేదు. తన దారి తాను చూసుకుంది. ఉప్పాడలో పట్టుచీరలు నేసే పేరమ్మ గర్భసంచి ఆపరేషనయ్యాక అయిదో రోజున వచ్చినప్పుడు, గొంతు తగ్గించి అడిగింది.

"రాశానండి అమ్మగోరూ. మా అత్త ఊరుకుంటదేటండి. మీరు డాట్రు బాబుకి సెప్పకండేం."

"చెప్పను. రాయను కూడా" అంది హైమ. 'లేదు' అని నింపింది. నింపాక పెన్ను ఒక క్షణం ఆగింది. చూడని రీడింగు రికార్డులో రాయడమంత పాపం ఇంకోటి లేదని కాలేజీలో శేషాచలం మాస్టారు అనేవారు. పెన్సిలు తీసి, తొమ్మిదో ప్రశ్న పక్కన ఆవగింజంత చుక్క పెట్టింది. మాస్టారికి సమాధానం, మొగుడికి కనపడదు. ఆ రోజు నుంచి, ఎవరు నిజం చెప్పినా కాగితంలో లేదనే ఉండేది, పక్కన చుక్క ఉండేది. ఇదంతా ఆవిడకి కొంచెం సరదాగానే ఉండేది.

దీపం గది హెడ్ నర్సు ఎస్తేరుది. నీలం వెలుగు కళ్లకి మంచిది కాదని నారింజ రంగు అద్దాలు పెట్టుకుని ఉండేది. "సార్, కొందరి గాయాలు దీపం కింద చిలకపచ్చగా మెరుస్తున్నాయండి" అని ఒకసారి చెప్పింది.

"కళ్లద్దాలు తుడుచుకో ఎస్తేరూ" అన్నారు దివాకరం.

*

ఆపరేషనయిన ఇరవై ఆరో రోజున పేరమ్మ మళ్లీ వచ్చింది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని, దొంగసొత్తేదో పట్టుకున్నట్టు నడుచుకుంటూ వచ్చి హైమ ఎదురుగా నిలబడింది.

"ఏమైంది పేరమ్మా, చేతికేమైంది?"

"రావట్లేదండి."

కొంగు తీసింది. అరచెయ్యి పొట్ట మీద ఉంది. పెట్టుకున్నట్టు లేదు, మొలిచినట్టు ఉంది. అరచేతి అంచు ఎక్కడ ఆగి పొట్ట ఎక్కడ మొదలైందో తెలియకుండా ఒకటే చర్మం. గాయం మీద చెయ్యేసుకుని పడుకోవడం ఆవిడకి అలవాటైందట. మూడు రోజుల కిందట లేచేసరికి చురుక్కుమని పట్టుకుందట. నిన్నటికి వేళ్లు కూడా కదల్లేదట. ఇదంతా మెల్లిగా, ఎవరి గురించో చెప్తున్నట్టు చెప్పింది.

దివాకరం ముందు స్పిరిటుతో తుడిచారు. జిగురు ఆగకపోగా, ఆయన చూస్తుండగానే చూపుడువేలి పక్కన ఇంకో నూలుపోగంత ముందుకి పాకింది. ఆయన దూది పక్కన పడేశారు. తర్వాత కత్తి తెమ్మన్నారు.

"నేత సెయ్యండి బాబూ అది" అంది పేరమ్మ. అంతకు మించి ఏమీ అడగలేదు.

విడదీయడానికి గంట పట్టింది. అరచేతికి చర్మం వేసి, పొట్టకి పిన్నులు కొట్టారు. చేతులు కడుక్కుంటూ, "బల్బు పాతదైపోయినట్టుంది. అలా జరిగిపోయింది" అన్నారు దివాకరం. సాయంత్రానికి కొత్త బల్బు వచ్చింది.

హైమ ఫైళ్ల గదిలోకి వెళ్లి పేరమ్మ కాగితం తీసింది. చుక్క ఉంది. కానీ ఒక్క చుక్కతో గీత గీయలేం కదా అనుకుని ఫైలు మూసేసింది.

గురువారం ఒక రిటైర్డు హెడ్మాస్టరు వచ్చారు. గజ్జల్లో హెర్నియా ఆపరేషన్. మడత దగ్గర తొడ చర్మం పొట్టతో కలిసిపోయి, కాలు చాపలేక, కుర్చీలో కూర్చున్నవాణ్ణి కుర్చీతో సహా మోసుకొచ్చారు. హైమ ఫైలు చూసింది. చుక్క. ఆ రోజు వాళ్లావిడే హైమ చెవిలో చెప్పింది, పసుపు రాసింది తానేనని.

రెండు చుక్కలుంటే గీత గీయొచ్చు. హైమ గీయలేదు. గీస్తే ఆ గీత ఎక్కడికి వెళ్తుందో ఆవిడకి తెలుసు. తొమ్మిది రోజుల కిందట వాళ్లమ్మాయి మృదులకి సిజేరియన్ అయింది. బిడ్డ అడ్డం తిరిగిందని ముందే ముహూర్తం పెట్టుకుని చేసిన ఆపరేషన్. కవరు చింపితే జిగురు వచ్చింది. అలా రావాలని దేవుడి దగ్గర దీపం పెట్టింది హైమే. నాలుగో రోజున ఇంటికి తీసుకొచ్చి, బాలింతకి ఒంటికంతా నూనె పసుపు రాసి నలుగు పెట్టింది కూడా హైమే. గాయం చుట్టూతానే రాసింది. చివర్లో ఒక్క వేలితో గాయం మీద కూడా. నలభై మందికి ఏమీ కాలేదు కదా అనుకుంది. అయిదో రోజు పొద్దున్నే శనగపిండితో రుద్ది కడిగి, దీపం కిందకి పంపింది.

రాత్రి భోజనాల దగ్గర దివాకరం, "పిన్నుల వాళ్లలో పదకొండు మందికి చీము పట్టింది. దాన్ని ఎవరూ లెక్కపెట్టరేం?" అన్నారు.

*

సిజేరియనయిన పన్నెండో రోజు పొద్దున ఎనిమిదింటికి మృదుల మంచం మీద వెనక్కి వాలి ఉంది. బిడ్డ ఆమె పొట్ట మీద బోర్లా పడి నిద్రపోతోంది.

"అమ్మా, లోపల లాగుతోందే."

"కుట్లు ఆరుతున్నప్పుడు లాగుతుంది."

"నాకు కుట్లెక్కడివి?" అంది మృదుల నవ్వబోయి.

హైమ బిడ్డని ఎత్తుకోబోయింది. బిడ్డ ఒళ్లంతా లేచింది. ఎడమ మడమ లేవలేదు. మృదుల చీర పక్కకి జరిగి ఉంది. గాయం చివర నుంచి దారంలాంటిది ఒకటి బిడ్డ మడమదాకా సాగి ఉంది. పచ్చి, పలచన, సాలెగూడు పోగంత. ఎవరి జిగురు వాళ్ల చర్మాన్నే పట్టుకుంటుందని దివాకరం తన పరిశోధన పుస్తకంలో రాశారు. ఈ బిడ్డ చర్మంలో సగం మృదులదేనన్న సంగతి పుస్తకానికి తెలియకపోయినా జిగురుకి తెలిసినట్టుంది.

హైమ మడమని పక్కకి జరిపింది. పోగు తెగింది. బిడ్డ కెవ్వుమంది. మడమ మీద మిరపగింజంత ఎర్రటి మచ్చ.

"ఏమైందమ్మా?"

"చీమ కుట్టింది" అంది హైమ. అబద్ధాలు వరసగా వస్తాయి, ఆవిడకి అప్పుడే తెలిసింది.

*

స్కానింగు తెర మీద దివాకరం వేలితో చూపించారు. గాయం కింద నుంచి తెల్లటి పోగులు లోపలికి దిగుతున్నాయి, కుండీ మట్టిలోకి వేళ్లు దిగినట్టు. "ఇక్కడ పేగు. సాయంత్రానికి అందుకుంటుంది. అందుకుంటే పేగునీ పొట్టనీ కలిపేస్తుంది."

ఇంకోసారి దీపం పెట్టి చూద్దామన్నారు. మృదుల చెయ్యి పట్టుకుని హైమ మొదటిసారి ఆ గదిలోకి వెళ్లింది. ఎస్తేరు ఇచ్చిన నారింజ అద్దాలు పెట్టుకుంది. దీపం వెలిగింది. గది నల్లబడింది, గాయం మాత్రం చిలకపచ్చగా మెరిసింది.

హైమకి ముప్పై ఏళ్ల కిందటి లాబు వాసన వచ్చింది. నీలం దీపానికి అడ్డంగా పసుపు గాజుపలక పెడితే అవతల గోడ మీద చీకటి పడుతుంది. పలక ఆ వెలుగుని మింగేస్తుంది. కొన్ని వస్తువులు మింగిన వెలుగుని వేరే రంగులో కక్కుతాయి, అదే మెరుపు. ఇక్కడ మెరుస్తోందంటే నీలం వెలుగు జిగురుదాకా వెళ్లడం లేదు. పైనే ఎవరో తినేస్తున్నారు.

దివాకరం దీపం ఆర్పారు. "హైమా, దీని గాయానికి ఏమైనా రాశావా?"

"లేదండీ."

ఆ మాట తనంతట తానే వచ్చేసింది. వందకి పైగా కాగితాల్లో రాసిన మాట, ఎంత సులువుగా నోట్లోకి వస్తుందో.

"మొదట్లో ఆ ఒకావిడ తప్ప ఎవరూ ఏమీ రాయలేదు. ఫైళ్లన్నీ చూశాను, ఒక్కడూ ఏమీ రాయలేదు. అంటే లోపం జిగురులోనే ఉంది. నిద్రపోవడం దానికి చేతకాదు." గోడకేసి చూస్తూ చెప్తున్నారు. "కోసి తీసెయ్యాలి. నాలుగు వేళ్ల వెడల్పున, కిందిదాకా. మూడింటికి థియేటర్ సిద్ధం చెయ్యి ఎస్తేరూ."

"నాన్నా, మళ్లీ కోస్తారా?" అంది మృదుల. వెంటనే మళ్లీ, "పాపకి పాలెవరిస్తారు?" అంది. ఆమె భర్తకి ఓడ మీద ఉద్యోగం. ఈపాటికి ఏ సముద్రంలో ఉన్నాడో.

హైమ బయటికి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు చేతుల నిండా ఫైళ్లున్నాయి. బల్ల మీద పెట్టింది.

"తొమ్మిదో ప్రశ్న చూడండి."

"చూశానన్నానుగా."

"పక్కన చూడండి. చుక్కలు."

దివాకరం కళ్లజోడు నుదుటి మీదకి తోసి కాగితాన్ని కళ్ల దగ్గరకి తెచ్చుకున్నారు. "ఏమిటివి?"

"నిజం చెప్పినవాళ్లు. పసుపు రాశామని నాకు చెప్పారు. నేనే లేదని రాశాను. మీరు తిడతారని. నలభై ఏడు మంది." "పేరమ్మకి చుక్క ఉంది. హెడ్మాస్టరుగారికి ఉంది. వాళ్లిద్దరివీ వచ్చిన రోజే చూశాను, చూసి మూసేశాను. మృదుల కాగితంలో చుక్క లేదు. నా కూతురి దగ్గర నేను చుక్క కూడా పెట్టలేదండీ. రాసింది నేనే. నాలుగో రోజున. కడిగి పంపింది కూడా నేనే."

మృదుల తల్లివైపు చూసింది. హైమ ఆ చూపు తప్పించుకోలేదు.

దివాకరం కేక వేస్తారనుకున్నారందరూ. ఆయన కాగితాలు తిప్పుతున్నారు. ఎస్తేరు అల్మరా తెరిచి చిన్న నోటుపుస్తకం తీసింది.

"సార్, పచ్చగా మెరిసినవాళ్ల పేర్లండి. మీరన్నాక అద్దాలు తుడుచుకునే చూశానండి. తుడుచుకున్నా మెరిశాయి. అందుకని రాసుకున్నానండి."

రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. చుక్కలున్న నలభై ఏడు పేర్లలో, ఎస్తేరు సెలవు రోజులవి తప్ప, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఎస్తేరు పుస్తకంలో ఇంకో ముప్పైకి పైనే ఉన్నాయి.

"పసుపు నీలాన్ని తినేస్తుంది" అన్నారు దివాకరం మెల్లిగా. "కడిగేస్తే?"

"నూనెతో కలిపి రాశాం. జిగురు తాగేసింది. పైన కడిగితే పోదు, స్పిరిటు పెడితే రేగుతోంది, మీరే చూశారు." హైమ కిటికీలోంచి బయటికి చూసింది. ఫాల్గుణం ఎండ అప్పుడే ముదురుతోంది. "పసుపు మరక పడిన చీరని ఏం చేస్తామో తెలుసా?"

"ఇది చీర కాదు హైమా."

"ఎండలో వేస్తాం. సబ్బుకి పోని మరక రెండు పూటల ఎండకి పోతుంది. పసుపు దేనికీ లొంగదు, వెలుగుకి లొంగుతుంది. మీ దీపానికి అంత బలం లేదు, ఉన్నా ఒళ్లు కాలుతుంది. సూర్యుడికుంది."

దివాకరం గోడ గడియారం చూశారు. పదీ ఇరవై. కూతుర్ని చూశారు. "రెండున్నర దాకా" అన్నారు. "మూడింటికి థియేటర్."

*

ఆస్పత్రి డాబా మీద మంచం వేశారు. నాలుగు వైపులా తాళ్లు కట్టి హైమ తన చీరలూ, ఎస్తేరు దుప్పట్లూ ఆరేసి గది చేశారు, పైన మాత్రం ఆకాశం. మృదుల మొహం మీద గొడుగు, ఒంటి మీద తడిగుడ్డలు. గాయం ఒక్కటే ఎండకి. ప్రతి అరగంటకీ ఎస్తేరు చిన్న స్కానింగు మిషను తెచ్చి పెట్టేది.

పదకొండున్నరకి పోగులు ఇంకా దిగుతూనే ఉన్నాయి.

పన్నెండింటికి కూడా.

కింద గదిలో బిడ్డ ఏడుస్తోంది. ఆ ఏడుపు విని మృదుల రవిక తడిసిపోయింది. "అమ్మా, నువ్వు చెప్పి ఉండొచ్చు కదా" అంది, గొడుగు కింద నుంచి, కోపం లేకుండా.

"చెప్పి ఉండొచ్చు" అంది హైమ.

ఒంటిగంటకి సముద్రం వైపు నుంచి మబ్బొకటి లేచింది. వడియాలు పెట్టిన రోజుల్లో మబ్బుని చూసి హైమ ఎన్నో తిట్టింది. ఈ రోజు ఒక్క మాట అనలేదు, అంటే వింటుందేమోనని. మబ్బు డాబా మీదికొచ్చి నిలబడింది. గాయం మీద నీడ పడింది. చీర గోడకి అవతల దివాకరం అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు ఆగింది.

"ఎంతసేపుంటుంది?" అన్నారు అవతల నుంచి. హైమకి తెలిసి ఆయన ఒకరిని ఒక విషయం తెలియక అడగడం అదే మొదలు.

"పావుగంట" అంది. పావుగంటని ఎలా చెప్పిందో ఆవిడకే తెలియదు. ఇరవై నిమిషాలుంది.

రెండూ పదికి గాయం మీద తెల్లగుడ్డ అద్ది చూసింది హైమ. గుడ్డకి పసుపు అంటలేదు, అయినా కన్ను నమ్మలేదు. కిందకి దించి దీపం గదిలోకి తీసుకెళ్లారు. ఎస్తేరు తన అద్దాలు తుడుచుకుంది. హైమ కూడా తుడుచుకుంది. దీపం వెలిగింది. గది నల్లబడింది. గాయం కూడా నల్లబడింది. ఎక్కడా పచ్చదనం లేదు. నాలుగు నిమిషాలు నిండాక ఎస్తేరు దీపం ఆర్పింది.

రెండూ ముప్పైకి స్కాను. రెండూ నలభై అయిదుకి ఇంకోటి. దివాకరం తెర మీద కొలబద్ద పెట్టి కొలిచారు. మళ్లీ కొలిచారు. పోగుకీ పేగుకీ మధ్య జొన్నగింజంత జాగా. మొదటిసారి ఎంతో, రెండోసారీ అంతే. నిద్రపోయింది.

"థియేటర్ సర్దెయ్యి ఎస్తేరూ" అన్నారు. మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆయన కారులో కూర్చుని గంటసేపు స్టార్ట్ చెయ్యలేదని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు.

*

పరీక్ష ఆపేశామని దానికి అనుమతిచ్చిన పై కమిటీకి దివాకరం ఆ సాయంత్రమే స్వయంగా రాశారు. మర్నాటి నుంచి డాబా నిండా చీరల గదులు లేచాయి. చుక్కలవాళ్లంతా వంతులవారీగా ఎండకి పడుకుంటున్నారు. మగవాళ్లు అటు, ఆడవాళ్లు ఇటు. పేరమ్మ కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "ఇన్నాళ్లూ సీరలు నేశాను గానండి, సీరల మధ్యన ఒడియంలాగ ఎండుతాననుకోలేదండి" అంటే డాబా అంతా నవ్వింది. కుడిచేతి రెండు వేళ్లు ఇంకా ముడవడం లేదు. ముడుస్తాయో లేదో దివాకరం చెప్పలేకపోతున్నారు.

చిక్కు ఎస్తేరు పుస్తకంలోని మిగతావాళ్లతో వచ్చింది. అసలు పుస్తకంలోకే ఎక్కనివాళ్లతో ఇంకా ఎక్కువ. ఆ దీపం గదిలో ఎస్తేరు సెలవు పెట్టిన రోజులూ ఉన్నాయి. హైమ ఇంటింటికీ ఫోన్ చేసింది. "పసుపు రాశారా?" అంటే, "అబ్బే, లేదండీ." "రాసినా ఏమీ అనరు" అంటే, "రాయలేదండీ, ఒట్టు." హైమకి కూడా చెప్పలేదంటే వాళ్లకి భయం ఎంత లోతుకి దిగిందో అర్థమైంది. జిగురు కన్నా లోతుకి.

మంగళవారం మిగతా జిగురువాళ్లందరినీ పిలిపించారు. ఆస్పత్రి వరండాలో, మెట్ల మీద, చెప్పుల స్టాండు దగ్గర, తొంభైకి పైనే కూర్చున్నారు. అందరి పొట్టల మీదా మచ్చైనా లేని నున్నటి చర్మం. లోపల ఎవరికి ఏం దిగుతోందో ఎవరికీ తెలియదు.

దివాకరం తెల్లకోటు వేసుకోకుండా వచ్చారు. కాగితం తీసి తొమ్మిదో ప్రశ్న చదివారు. ముందు వరసలో ఒకావిడ గోళ్లని కొంగులో దాచుకుంది.

"చూడండమ్మా" అన్నారాయన. గొంతు కేక వెయ్యడానికే అలవాటుపడినది, తగ్గించడం రాక బొంగురుపోయింది. "పసుపు వల్ల దీపం పని చెయ్యలేదు. అది... అలా జరిగి..."

ఆగిపోయారు.

హైమ పెన్సిలు చెక్కుకుని తలుపు దగ్గర కూర్చుని ఉంది. తలెత్తలేదు. డాబా పిట్టగోడ మీంచి పేరమ్మా, ఇంకో నలుగురూ కిందికి తొంగి చూస్తున్నారు.

దివాకరం ఆ కట్టు కట్టిన చేతికేసి చూశారు. కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు.

"అలా జరగలేదు" అన్నారు. "నేను చేశాను. మొదటి వారంలోనే ఒకావిడ నిజం చెప్తే, ఊరందరికీ వినపడేలా తిట్టాను. ఎస్తేరు పచ్చగా మెరుస్తోందంటే కళ్లద్దాలు తుడుచుకోమన్నాను. మా ఆవిడ నెమ్మదిగా అడగమంటే నాకు నేర్పొద్దన్నాను. మీ గాయాలకి జిగురు పూసి, మీ నోళ్లకి పిన్నులు కొట్టాను. పసుపు రాసుకోవడం మీ తప్పు కాదమ్మా. చెప్పుకోలేకపోవడం కూడా మీ తప్పు కాదు. తప్పు నాది."